సవరణ: అన్ని లాప్‌టాప్‌ల కీబోర్డూ పైనుంచి ఊడి రాదండి

కొబ్బరినీళ్లు ఒలికి పాడైన మా పాత లాప్‌టాప్ కీబోర్డు ఇంట్లోనే మార్చానని మొన్న పెట్టిన పోస్టులో, ఏ లాప్‌టాప్ అయినా ఇంతే, వెనక రెండు స్క్రూలు తీసి పైనుంచి లేపితే వచ్చేస్తుందని రాశాను కదండీ, అది తప్పు. పాలకొల్లులో ఒక తమ్ముడు అది చదివి తన కొత్తదాన్ని స్క్రూడ్రైవర్‌తో లేపబోయి, రాకపోతే నాకు ఫోన్ చేశాడు, పగలకముందే ఆగాడు నయం.

కంపెనీలు ఇచ్చే సర్వీసు మాన్యువల్స్ చూశాను, భీమవరంలో రిపేర్లు చేసే ఆయన్నీ అడిగాను. ఇప్పుడొచ్చే పల్చటి మోడళ్లు చాలావాటిల్లో కీబోర్డుని చేతులు ఆనించే పైప్యానెల్‌కి లోపలివైపు నుంచి చిన్నచిన్న ప్లాస్టిక్ రివెట్లు కరిగించి బిగించేస్తారు, బ్యాటరీ, మదర్‌బోర్డు తీస్తేగానీ దాని దాకా వెళ్లలేం, అందుకే ఎక్కువగా ప్యానెల్‌తో కలిపే మారుస్తారు, ఖర్చూ ఎక్కువే.

ఇంకోటి, కీబోర్డుని మదర్‌బోర్డుకి కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్‌ని లాగేయమన్నాను, అలా లాగకూడదు. ముందు కనెక్టర్ మీద కేబుల్‌ని పట్టి ఉంచే చిన్న లాచ్‌ని గోరుతో మెల్లగా లేపాలి, కొన్నిటికి బయటికి జరపాలి, అది విరిగిందంటే కొత్త కీబోర్డు పెట్టినా కేబుల్ నిలవదు.

పాత పోస్టులో ఆ రెండు లైన్లూ మార్చేశానండి.