బీరువాలో దాచిన ఒక్క డ్రైవ్ బ్యాకప్ ఎలా అవుతుంది?

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: "కంప్యూటర్ ఎప్పుడైనా పోవచ్చు. మంచి కంపెనీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని, ఫొటోలు, ఫైళ్ళు అన్నీ అందులోకి మార్చేసి బీరువాలో పెట్టుకోండి. దాంట్లో తిరిగే భాగాలు ఉండవు కాబట్టి పాడవదు. పాడవబోతే ముందే హెచ్చరిక వస్తుంది. ఐదేళ్ళ వారంటీ ఉంటుంది. అప్పటికీ ఏమైనా అయితే రికవరీ సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. ఇక జీవితాంతం టెన్షన్ లేదు." (ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్ళెం బదులు మెమరీ చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్.) నాకే నలుగురు పంపారు. మొదటి వాక్యం నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడితో ఆపేసి ఉంటే నాకు ఇంత రాసే పని తప్పేది.

"అన్నీ అందులోకి మార్చేసి" అన్నారు చూడండి, అసలు తప్పంతా ఈ మాటలోనే ఉంది. కాపీ చేయడం వేరు, మార్చేయడం వేరు. నిన్న కంప్యూటర్‌లో ఉన్న ఒకే ఒక్క కాపీ ఇవాళ డ్రైవ్‌లో ఉంది, అంతే. రెండోది పుట్టలేదు. పైగా అది జేబులో పట్టే, చేయి జారితే పడిపోయే వస్తువులోకి వెళ్ళింది. మా పెదనాన్నగారి అబ్బాయి సరిగ్గా ఇదే చేశాడు. ల్యాప్‌టాప్ నిండిపోయిందని ఆరేళ్ళ ఫొటోలు పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లోకి కట్ చేసి పేస్ట్ చేశాడు. ల్యాప్‌టాప్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. డిస్క్ మాత్రం ఒకరోజు ఫొటోలు చూస్తుండగానే ఎవరి కాలో కేబుల్‌కి తగిలి బల్ల మీంచి కింద పడింది. నా దగ్గరికి వచ్చాక పెట్టి చూస్తే టక్, టక్, టక్, కాసేపు నిశ్శబ్దం, మోటారు నీరసంగా ఆగిన చప్పుడు, మళ్ళీ టక్, టక్.

ఆ చప్పుడు ఏమిటంటే, హార్డ్ డిస్క్‌లో డేటా ఉండేది నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్ళెం మీద, దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, దాన్ని చదివే హెడ్ తేలుతూ ఉంటుంది (వెంట్రుక మందం దానికి వేల రెట్లు). అది పళ్ళెం మీద తన గుర్తుల్ని వెతుక్కుంటుంది, దొరక్కపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. డిస్క్ ఆపి ఉన్నప్పుడు పడితే హెడ్ పక్కకి తప్పుకుని ఉంటుంది కాబట్టి బతికే అవకాశం ఎక్కువ, తిరుగుతున్నప్పుడు పడితే చాలా తక్కువ. టక్ టక్ వినగానే కేబుల్ పీకేయాలి. దెబ్బతిన్న హెడ్ పళ్ళేన్ని గీకుతూ ఉంటే పోయేది మన ఫొటోలే. మావాడు "ఈసారి వస్తుందేమో" అనుకుంటూ ఓ ఇరవై సార్లు పెట్టి చూసి, ఆ తర్వాత తెచ్చాడు.

"చూశారా, అందుకే ఎస్‌ఎస్‌డీ కొనమన్నది" అంటారు మెసేజ్ పంపినవాళ్ళు. కింద పడితే తట్టుకునే విషయంలో నిజమే, రోజూ సంచిలో వేసుకుని తిరిగేవాళ్ళకి నేనూ ఎస్‌ఎస్‌డీయే చెప్తాను. కానీ తిరిగే భాగాలు లేకపోవడం వేరు, పాడవకపోవడం వేరు. దాని లోపల మెమరీ చిప్పులు ఉంటాయి, వాటిని నడిపే కంట్రోలర్ ఉంటుంది, కంట్రోలర్‌ని నడిపే ఫర్మ్‌వేర్ అనే లోపలి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఏ ఫైలు ఏ చిప్పులో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక ఉంటుంది. ఇందులో ఏది చెడినా నిన్న రాత్రి దాకా బాగున్న డ్రైవ్ పొద్దున పెడితే కంప్యూటర్‌కి కనబడనే కనబడదు. టక్ టక్ కూడా ఉండదు.

2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ తన సర్వర్ కస్టమర్లకి ఒక హెచ్చరిక పంపింది. కొన్ని మోడళ్ళ ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు నడిచాక చచ్చిపోతాయని, ఆ తర్వాత డ్రైవూ దక్కదు, డేటా కూడా దక్కదని, ఆ లోపే ఫర్మ్‌వేర్ మార్చుకోమని. ఆ అంకె చూడగానే ప్రోగ్రామర్లకి విషయం అర్థమైపోతుంది. 16 బిట్ల లెక్క 32,767 దాటితే తిరగబడుతుంది. ఇందులో అరిగింది ఏదీ లేదు, విరిగింది ఏదీ లేదు, ఒక లెక్క పొర్లింది, అంతే. ఇంకా భయపెట్టే సంగతి ఏమిటంటే, ఒకే రోజు ఆన్ చేసిన డ్రైవ్‌లు దాదాపు ఒకేసారి పోతాయి. ఒకదానికి ఒకటి తోడుంటుందని పెట్టుకున్నవి రెండూ కలిసే పోతాయన్నమాట.

ఇక ఆ బీరువా. ఎస్‌ఎస్‌డీలో డేటా అంటే చిన్న చిన్న గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్లు. కరెంటు లేకుండా పడి ఉంటే అవి మెల్లగా కారిపోతుంటాయి, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీకి జెడెక్ (ఇలాంటి వాటికి ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం అడిగేది ఇంతే: ఎంత డేటా రాయొచ్చని చెప్పారో ఆ రాతల ఆయుష్షు మొత్తం అయిపోయాక కూడా, 30 డిగ్రీల సెల్సియస్‌లో కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలవాలి. దీన్ని పట్టుకుని "ఎస్‌ఎస్‌డీ ఏడాదిలో ఖాళీ అయిపోతుంది" అని ఎదురు మెసేజ్ పంపేవాళ్ళూ ఉన్నారు, అదీ తప్పే. ఆ లెక్క అరిగిపోయిన డ్రైవ్‌కి, కొత్తదాంట్లో ఒకసారి రాసి పెడితే అంతకంటే చాలా ఎక్కువ కాలమే ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి తాకకుండా దాచడమన్నది ఎస్‌ఎస్‌డీ బలహీనంగా ఉండే పని. మెసేజ్ రాసినాయన ఏరి కోరి ఆ పనే అప్పజెప్పాడు. బీరువాకైతే మామూలు హార్డ్ డిస్కే నయం. అదైనా ఆరు నెలలకోసారి తీసి, తగిలించి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూడాలి.

"ముందే హెచ్చరిక వస్తుంది." వస్తే అదృష్టమే. డ్రైవ్ తన ఆరోగ్యాన్ని తనే రాసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ఉంది, దాన్ని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గర ఉన్న లక్షకు పైగా హార్డ్ డిస్కుల లెక్కలు తీసి ఒక పరిశోధన పత్రం రాశారు. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, బాగా పనికొస్తాయనుకున్న నాలుగు స్మార్ట్ సూచికల్లో ఒక్కదాంట్లోనూ ఏమీ చూపించకుండానే పోయాయి. సగానికి పైగా మాట్లాడకుండా పోయినట్టు! కాబట్టి రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడితే పక్కన పెట్టేసిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) అన్న దగ్గర సున్నా కాకుండా అంకె కనిపించి, అది పెరుగుతుంటే మారు ఆలోచించకుండా డేటా బయటికి తీసేయండి. అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయని మాత్రం నిశ్చింతగా పడుకోకండి. పైగా కొన్ని యూఎస్‌బీ కేసులు ఈ వివరాలు అసలు కంప్యూటర్ దాకా రానివ్వవు.

వారంటీ గురించి రెండు ముక్కలు చాలు. పోయిన డ్రైవ్ ఇస్తే ఇంకో ఖాళీ డ్రైవ్ ఇస్తారు. ఫొటోలు ఇవ్వరు. పెద్ద బ్రాండ్ అంటారా, 2023లో శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు ఉన్నట్టుండి డేటా పోగొడుతున్నాయని జనం గగ్గోలు పెడితే, దాని అప్పటి యజమాని వెస్టర్న్ డిజిటల్ కొన్ని మోడళ్ళకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చింది. డబ్బా మీద "10 లక్షల గంటలు" అని ఉంటే అది 114 ఏళ్ళ ఆయుష్షు అనీ కాదు. అలాంటివి వెయ్యి నడిపితే ఏడాదికి ఓ తొమ్మిది దాకా పోతాయని దాని అర్థం. మీ ఒక్కటి ఆ తొమ్మిదిలో ఉందో లేదో డబ్బా చెప్పదు.

రికవరీ సాఫ్ట్‌వేర్ అద్భుతమే, హార్డ్ డిస్క్‌లో పొరపాటున డిలీట్ చేసినప్పుడు. అక్కడ పేరు మాత్రమే తీసేస్తారు, సరుకు అలాగే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ (ఈ చోటు ఇక అక్కర్లేదని కంప్యూటర్ డ్రైవ్‌కి చెప్పే ఏర్పాటు) పనిచేస్తుంటే డిలీట్ చేసిన చోటుని కంట్రోలరే తుడిచేస్తుంది, సాఫ్ట్‌వేర్‌కి సున్నాలు తప్ప ఏమీ దొరకవు. ఇక డ్రైవే కనబడనప్పుడు సాఫ్ట్‌వేర్ దేన్ని చదువుతుంది? కేసు విప్పి లోపలి డిస్క్‌ని నేరుగా తగిలిస్తే సరిపోతుందని కొందరంటారు. నేనూ అలాగే అనుకుని, పోర్టు వదులైన నా పాత పోర్టబుల్ డ్రైవ్‌ని ప్లాస్టిక్ కార్డుతో అంచులు లేపి విప్పాను. లోపల కంప్యూటర్‌కి నేరుగా తగిలించుకునే సాటా సాకెట్ ఉంటుందని చూస్తే లేదు! యూఎస్‌బీ పోర్టునే డిస్క్ బోర్డుకి సోల్డర్ చేసేశారు. కొన్ని డ్రైవ్‌లలో అయితే మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చి రాస్తుంది, బోర్డు పోతే పళ్ళెం మంచిదైనా చదవలేం. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా ఒకటుంది, దయచేసి వద్దు, బయటికి తీయగానే తేమ పట్టి ఉన్నది కూడా పోతుంది.

మరి ఏం కొనాలి? ఖరీదైనది ఒకటి కాదు, మామూలువి రెండు. వేర్వేరు కంపెనీలవి, కనీసం వేర్వేరు సమయాల్లో కొన్నవి (ఆ 32,768 గంటలు గుర్తుంది కదా). ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే ఇంట్లో. కాపీ అయిపోగానే పీకేయండి. 2017లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వనాక్రై వైరస్ వచ్చినప్పుడు కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డ్రైవ్‌లలోని ఫైళ్ళకీ తాళం వేసేసింది. హార్డ్ డిస్క్ కొనేటప్పుడు డబ్బా మీది యూఎస్‌బీ వేగం చూసి ఎక్కువ పెట్టకండి, చిన్న పోర్టబుల్ డిస్క్ సెకనుకి ఓ 130 మెగాబైట్లు రాస్తే గొప్ప, 5 గిగాబిట్ల పోర్టే దానికి ఎక్కువ. ఎక్కువ సైజువి చాలావరకు ఎస్‌ఎమ్ఆర్ రకం, అంటే డేటా వరసల్ని ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కించి రాసేవి. మొదట పరుగెత్తి, కాసేపటికి నత్తనడక పడతాయి. విసుగే గానీ బ్యాకప్‌కి ఫర్వాలేదు. బొటనవేలంత ఉండి 16 టెరాబైట్లు అని చౌకగా అమ్మేవి మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ బాపతు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంట్రోలర్ చేత అబద్ధం చెప్పిస్తారు, నిండాక పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఏది కొన్నా మొదటి రోజే అసలు సైజు ఎంతో తేల్చే ఎఫ్3 లాంటి టూల్‌తో నిండా రాసి, తిరిగి చదివించి చూడండి.

అలాగే బ్యాకప్ తీశాక వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఇంత రాస్తున్న నేను పోయిన నెల అలా చూస్తే, ఫోన్ నుంచి ఫొటోలు దించుకునే ఫోల్డర్‌కి ఎప్పుడో పేరు మార్చానట, ఎనిమిది నెలలుగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ పాత పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్‌నే శ్రద్ధగా కాపీ చేస్తోంది, ప్రతిసారీ "విజయవంతంగా పూర్తయింది" అని చెప్తూ.