కర్సరు గారి సముఖానికి

మహారాజశ్రీ కర్సరు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ కంప్యూటర్‌కు తగిలించి బొమ్మలు గీసే గ్రాఫిక్స్ టాబ్లెట్ మీద పెన్ను క్షేమం, చెయ్యి క్షేమం. తమరి సంగతే బాగాలేదు. సున్నా చుట్టమంటే కోడిగుడ్డు పెడుతున్నారు. సున్నా లేకుండా తెలుగులో నాలుగు మాటలు రాయడం కష్టమని తమకు తెలియనిదా?

ఏ నిపుణుణ్ణి అడిగినా ‘చెయ్యి తిరగలేదు, సాధన చెయ్యి’ అంటాడు. చేతి మీద నింద పడే ముందు లెక్క చూద్దాం. ఒక మీడియం సైజు టాబ్లెట్‌లో గీసే జాగా 216 × 135 మి.మీ., అంటే 16:10. తెర 1920 × 1080, అంటే 16:9. డ్రైవర్ గారు (టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) దీన్ని దాని మీద దుప్పటి లాగినట్టు లాగి కప్పేస్తారు. అడ్డంగా మిల్లీమీటరుకు 8.89 పిక్సెళ్లు, నిలువుగా 8. అందుకే 50 మి.మీ. సున్నా తెర మీద 444 × 400 అవుతుంది. పక్కన అలాంటిదే ఇంకో మానిటర్ తగిలించి రెండింటికీ కలిపి వదిలేస్తే 889 × 400. కోడిగుడ్డు కాస్తా దొండకాయ!

మందు డ్రైవర్ సెట్టింగుల్లోనే ఉంది. మ్యాపింగ్‌లోకి (టాబ్లెట్‌లో ఏ జాగా తెరలో ఏ చోటికో చెప్పే చోటు) వెళ్లి, ముందు గీసే మానిటర్ ఒక్కదాన్నే ఎంచుకోవాలి. తర్వాత ‘ఫోర్స్ ప్రపోర్షన్స్’ దగ్గర టిక్కు పెట్టాలి (గీసే జాగా నిష్పత్తిని తెర నిష్పత్తికి సరిపెట్టేది ఇదే; కొన్ని డ్రైవర్లలో దీని పేరు వేరు). అప్పుడు 135లో 121.5 మి.మీ. మాత్రమే పనిచేస్తుంది. మిగిలిన 13.5 మి.మీ. పట్టీ పోయిందని ఏడ్చే పిసినారులు కోడిగుడ్లే గీసుకోవచ్చు. అనుమానముంటే టాబ్లెట్ మీద మట్టిగాజు పెట్టి లోపలి అంచు వెంట గీసి, పొడవు వెడల్పులు పిక్సెళ్లలో కొలిచి చూడండి. లోహపు గాజు వద్దు, పెన్ను సిగ్నల్ తడబడొచ్చు.

పెన్ను ఎత్తి మరోచోట పెట్టినా తమరు ఉన్నచోటు వదలకపోతే, ఎవరో మౌస్ మోడ్‌లో పెట్టారన్నమాట. పెన్ మోడ్‌కి మార్చాలి. ఈ మోడ్‌లో టాబ్లెట్‌పై పనిచేసే జాగా మూల ఎప్పుడూ తెర మూలే.

ఇక మెల్లగా తలకట్టు పెడుతుంటే మధ్యలో తమరి చుట్టూ ఒక చక్రం తిరుగుతుంది చూడండి, అది విండోస్ వారి చాదస్తం. పెన్ను కదలకుండా ఆగితే రైట్ క్లిక్ అనుకుంటారు. కంట్రోల్ ప్యానెల్‌లో ‘పెన్ అండ్ టచ్’ తెరిచి, ‘ప్రెస్ అండ్ హోల్డ్’ ఆపేస్తే చక్రం పోతుంది. కోపం పట్టలేక విండోస్ ఇంక్ (పెన్ను ఎంత నొక్కిందో సాఫ్ట్‌వేర్లకు చేరవేసేది) కూడా పీకేస్తే మాత్రం ఫొటోషాప్‌లో ఎంత నొక్కినా గీత ఒకే లావుగా రావచ్చు. బొమ్మలు గీసే క్రితా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో అయితే ఇలా చేరవేసే దారులు వింటాబ్, విండోస్ ఇంక్ రెండూ కనిపిస్తాయి. ఏది నప్పితే అది ఎంచుకుని, క్రితాను మూసి తెరవాలి.

పాత టాబ్లెట్ డ్రైవర్‌ని తీసెయ్యకుండా కొత్తది వేసినవారికి ఇవేవీ పనిచెయ్యకపోవచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు. రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, కొత్తదొక్కటే వెయ్యాలి.

ఇట్లు,
తమ వెంట నడిచే పెన్ను

తా.క.: ముగ్గు చుక్కలు దగ్గర దగ్గరగా, గబగబా పెడితే రెండోది మొదటిదాని నెత్తినే పడుతోంది. డ్రైవర్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ దూరాన్ని ‘ఆఫ్’ వైపు పూర్తిగా జరపండి. పెన్నుతో డబుల్ క్లిక్ కష్టమైతే కానీండి, ఫోల్డర్లు తెరవడానికి మౌస్ ఉంది.