అచ్చుతప్పు పట్టుకున్నవాడు కోడ్ చదివినవాడే

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎవరైనా, కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసే కామెంట్‌లో స్పెల్లింగ్ దిద్ది ప్యాచ్ (చేసిన మార్పు) పంపితే చాలామంది పెదవి విరుస్తారు. కోడ్ రాయడం చేతకానివాళ్ల పని అని, ప్రొఫైల్ నింపుకోవడానికి వేసే వేషమని వెక్కిరింత. ఈ వెక్కిరింతలో తెలివి కన్నా బద్ధకమే ఎక్కువ.

కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ కామెంట్‌ను చూడదు, తప్పున్నా ప్రోగ్రామ్ నడుస్తుంది, ఇక దిద్దడం దేనికి అంటారు. కంపైలర్ చూడదు సరే, ఫైళ్లలో పదాలు వెతికిపెట్టే గ్రెప్ చూస్తుంది కదా! లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, కోట్ల లైన్లున్న కెర్నల్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివేవాళ్లు ఎవరూ ఉండరు. కావాల్సిన పదం కొట్టి వెతుక్కుంటారు. నెట్‌వర్క్ డ్రైవర్ మొరాయించింది, ప్యాకెట్ అందుకునే చోట ఏ లాక్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకోవాలో ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు, దానికోసం మీరు ఇంగ్లిష్‌లో ‘రిసీవ్’ అని వెతికారనుకోండి. రాసినాయన తొందరలో ‘ఇ’, ‘ఐ’ అక్షరాలు అటూఇటూ చేసి ఉంటే ఆ కామెంట్ మీకు దొరకదు. పైగా మిగతా వందల లైన్లు వరసగా వచ్చేస్తాయి కాబట్టి, ఒకటి తప్పిపోయిందన్న అనుమానం కూడా రాదు. మసకబారిన అక్షరమైతే కళ్లు చికిలించి చదువుకోవచ్చు. వెతుకులాటకు దొరకనిది మాత్రం లేనిదానితో సమానం.

ఇది కెర్నల్ వాళ్లకు బాగా తెలుసు. ప్యాచ్‌లు ఎలా పంపాలో చెప్పే వాళ్ల డాక్యుమెంట్‌లో, చిన్నచిన్న ప్యాచ్‌ల జాబితాలో ‘గ్రెప్‌ను దెబ్బతీసే స్పెల్లింగ్ తప్పుల సవరణ’ అన్నది చాలా ఏళ్లు విడిగానే ఉండేది. తరచూ దొర్లే తప్పుల పట్టిక ఒకటి, మొదట డెబియన్ వాళ్లు తప్పులు పట్టడానికి వాడే లింటియన్ టూల్ నుంచి తెచ్చుకున్నది, ఇప్పటికీ కెర్నల్ సోర్స్‌లోనే ఉంది. ప్యాచ్‌లను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ దాన్ని చూసే కొత్త ప్యాచ్‌లోని తప్పును ఎత్తిచూపుతుంది.

పోనీ ఎప్పుడో దిద్దుకోవచ్చులే అంటే, ఆ ‘ఎప్పుడో’ అన్నిసార్లూ రాదు. వెబ్ బ్రౌజర్ మీరు ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పడానికి పంపే ‘రెఫరర్’ హెడర్‌లో ఒక ‘ఆర్’ తక్కువ. 1996లో, వెబ్ నియమాలను వివరించే ‘ఆర్‌ఎఫ్‌సీ 1945’ అనే పత్రంలోకి అలాగే ఎక్కింది. నేటికీ ప్రపంచంలోని బ్రౌజర్లూ సర్వర్లూ ఆ తప్పునే పంపుకుంటున్నాయి. తర్వాత వచ్చిన ‘రెఫరర్ పాలసీ’ హెడర్‌లో మాత్రం స్పెల్లింగ్ సరిగ్గా ఉంది. రెండూ వాడే ప్రోగ్రామర్ ఎక్కడ ఎన్ని ‘ఆర్’లో గుర్తుపెట్టుకుని చావాలి.

అవతలి వాదన లేకపోలేదు. ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్ టైమ్ విలువైనది. కామెంట్ మారితే పాత వెర్షన్లకు బగ్ ఫిక్స్ మోసుకెళ్లేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు ఒకదానికొకటి అడ్డుపడటం) రావచ్చు. ఏ లైన్ ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్‌లో అసలు రాసినవాడి బదులు దిద్దినవాడి పేరు కనిపిస్తుంది. నిజమే, కానీ వీటికి మందులున్నాయి. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, పక్కన పెట్టాల్సిన కమిట్‌లను (నమోదైన మార్పులను) బ్లేమ్‌కు ముందే చెప్పొచ్చు. ఇక ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపితే టీషర్ట్ ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డ పుల్ రిక్వెస్టులు (మా మార్పు చేర్చుకోండనే విన్నపాలు) అంటారా, ప్రాజెక్టు పరిచయ ఫైల్ రీడ్‌మీలో ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని అంటించి పోవడాన్ని దిద్దడం అనరు. ఆ బెడదకు భయపడి అచ్చుతప్పులు దిద్దేవాళ్లకు కూడా తలుపు మూసేస్తే, ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ పట్టేది వేరే సంగతి. కోడ్‌స్పెల్ లాంటి టూల్స్ పదాల పట్టిక పెట్టుకుని తప్పులు పడతాయి. డాక్యుమెంటేషన్‌లో ‘నాట్’ అని ఉండాల్సిన చోట ఒక అక్షరం మారి ‘నౌ’ అని పడిందనుకోండి. రెండూ మంచి ఇంగ్లిష్ పదాలే, టూల్ నోరెత్తదు. ‘ఈ ఫంక్షన్‌ను లాక్ లేకుండా పిలవకూడదు’ అన్నది ‘ఇప్పుడు పిలవొచ్చు’ అయి కూర్చుంటుంది. దాన్ని పట్టాలంటే ఒక మనిషి ఆ వాక్యం చదివి, కింద ఉన్న కోడ్ చదివి, రెండూ కలవట్లేదని గుర్తించాలి. టూల్ నడిపి గంపగుత్తగా పంపే సవరణలు కూడా చదవందే నమ్మకూడదు. హార్డ్‌వేర్ మాన్యువల్‌లోనే ఒక రిజిస్టర్ (చిప్‌లోని చిన్న నిల్వ గడి) పేరు తప్పుగా ఉంటే, కామెంట్‌లో దాన్ని ‘సరిచేసిన’ మరుక్షణం మాన్యువల్ చూసి వెతికేవాడికి ఆ పేరు దొరకదు.

చదవడమే మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎవరూ నేర్పని విద్య. తెలుగు రాష్ట్రాల్లో సీఎస్‌ఈ చేసినవాళ్లకు ల్యాబ్ రికార్డు సంగతి చెప్పక్కర్లేదు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, కామాలతో సహా చేత్తో దించేయడమే. అందులో తప్పుంటే అది కూడా జూనియర్‌కు ఆస్తిలా సంక్రమిస్తుంది. ఇతరులు రాసిన కోడ్‌ను కూర్చుని చదివి, ఇది ఎందుకిలా ఉందని అడిగే పీరియడ్ టైమ్‌టేబుల్‌లో వెతికినా ఉండదు. ప్లేస్‌మెంట్ సీజన్ రాగానే మాత్రం కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ప్రొఫైల్ నిండుగా కనిపించాలి. 2024లో వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ జేఎస్ రీడ్‌మీలో తమ పేర్లు చేర్చాలంటూ మన దేశపు విద్యార్థుల నుంచి పుల్ రిక్వెస్టులు వరదలా రావడం దీని ఫలితమే. ఒక యూట్యూబ్ పాఠంలో చూపించినదాన్ని అచ్చం దించారు, ల్యాబ్ రికార్డు దించినట్టే. పిల్లల్ని తిట్టి ఏం లాభం? నాలుగేళ్లూ మనం నేర్పింది అదే.

ఒక్క సెమిస్టర్‌కైనా ఆ రికార్డు రాయడం ఆపించి చూడండి. ప్రతి విద్యార్థీ తను రోజూ వాడే ఒక లైబ్రరీ డాక్యుమెంటేషన్ చదవాలి, అందులో ఒక తప్పు పట్టుకోవాలి, అది తప్పని కోడ్ చూపించి లెక్చరర్‌ను ఒప్పించాలి. ఒప్పించగలిగితేనే ప్యాచ్ బయటికి వెళ్లాలి. ఇంటర్నల్ మార్కులు దానికే వేయండి. లెక్చరర్లు కూడా ఆ కోడ్ చదవాల్సి వస్తుంది కాబట్టి, మొదటి అభ్యంతరం స్టాఫ్‌రూమ్ నుంచే వస్తుందని నా అనుమానం.