అరికాలి మచ్చ, అగనంపూడి ల్యాబ్

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన మడమ కింద నల్లమచ్చ కనబడింది. తడికి పాకిన సిరాచుక్కలా అంచులు చెదిరి ఉంది. "ఆనికాయే బాబూ, బ్లేడుతో గీకేస్తుంటాను" అన్నాడు. నిజంగా ఆనికాయే కావచ్చు. అయినా ఒక్కసారి డాక్టరుకు చూపించమని బతిమాలి వచ్చాను. చర్మ క్యాన్సర్లలో అతి ప్రమాదకరమైన మెలనోమా మనవాళ్లలో తరచూ అరికాళ్లలోనో, గోళ్ల కిందో మొదలవుతుంది.

మందం ఒక మిల్లీమీటరు దాటకముందే కోసి తీసేస్తే చాలామంది బతికి బయటపడతారు. ఒళ్లంతా పాకితే ముఖ్యంగా, రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ మందులే దిక్కు. అరికాలి రకం వాటికీ అంత తేలిగ్గా లొంగదు.

అవీ పనిచేయనప్పుడు వినబడే మాట టిల్ చికిత్స. కణితిలోకి చొరబడి, అక్కడే అలిసిపోయిన రోగనిరోధక కణాలుంటాయి. కణితి ముక్క కోసి, వాటిని ల్యాబ్‌లో మూడు వారాలపాటు వందల కోట్లుగా పెంచుతారు. రోగికి గట్టి కీమో ఇచ్చి, ఆ కణాలను మళ్లీ అతని ఒంట్లోకే ఎక్కిస్తారు. అమెరికాలో స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం 1988లోనే దీని ఫలితాలు ప్రకటించింది. అక్కడ ఆమోదం దక్కింది మాత్రం 2024 ఫిబ్రవరిలో. ఆమోదానికి ఆధారమైన పరీక్షలోని 73 మంది రోగుల్లో 31.5 శాతం మందికి కణితులు బాగా తగ్గాయి. అన్ని దారులూ మూసుకుపోయిన వాళ్లలో ఇది చిన్న ఫలితం కాదు. ధర చూస్తే గుండె జారుతుంది: 2024లో మార్కెట్లోకి వచ్చినప్పుడే 5,15,000 డాలర్లు, అంటే నాలుగు కోట్ల రూపాయల పైమాటే.

ఇది సీసాలో దిగుమతయ్యే మందు కాదు. రోగి కణితే ముడిసరుకు. కాబట్టి మన దగ్గర ల్యాబ్ ఉంటే ధర దిగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇలాగే రోగి సొంత కణాలతో చేసి, రక్త క్యాన్సర్లకు వాడే కార్-టి కణ చికిత్సను ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి ఇక్కడే తయారుచేసి, విదేశీ ధరలో చిన్న వంతుకే తెచ్చాయి. 2023లో దానికి అనుమతి వచ్చింది. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఆ టాటా మెమోరియల్ సంస్థదే. వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ కూడా విశాఖలోనే ఉంది. ప్రభుత్వం పూనుకుంటే కణాలు పెంచే ల్యాబ్‌కు ఇంతకంటే అనువైన చోటు రాష్ట్రంలో నాకు కనబడలేదు.

ల్యాబ్‌కు ఏళ్లు పడుతుంది. ఈలోగా కేజీహెచ్ నుంచి పీహెచ్‌సీ దాకా, షుగర్ రోగుల పాదాల్లో పుండ్లు వెతికే ప్రతి చోటా నల్లమచ్చల కోసం కూడా చూడమనండి. అందుకు లైటు, మరో అర నిమిషం చాలు.