దిక్సూచికి కొండల్లో ఏం పని?

దిక్సూచిని ఇల్లు దాటించడాన్ని ప్రభుత్వం తక్షణం నిషేధించాలి. తెలుగువాళ్ళం దానికి గౌరవప్రదమైన కొలువు ఇచ్చాం. వంటగది ఆగ్నేయంలో కుదిరిందా, సెప్టిక్ ట్యాంకు ఈశాన్యంలో పడి కొంప ముంచిందా అని చూసి చెప్పడం దాని పని. అలాంటిదాన్ని ఇప్పుడు కొందరు కుర్రాళ్ళు మెడలో వేలాడదీసుకుని, దారి వెతకడానికంటూ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు పట్టుకుపోతున్నారు.

వాళ్ళ నిర్వాకం చూడండి. ముందు సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాన్ని నేల మీద పరుస్తారు. అందులో 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. ఎత్తును చూపే గోధుమరంగు గీతలు ఇరుకిరుకుగా ఉంటే నిటారు కొండ, ఎడంగా ఉంటే మెల్లని వాలు. ఉన్నచోటి నుంచి వెళ్ళవలసిన చోటికి దిక్సూచి అంచు ఆనించి, చక్రం మీది గీతలు పటంలోని ఉత్తర రేఖలతో కలిసేదాకా తిప్పుతారు. తర్వాత దాన్ని అరచేతిలో సమంగా పట్టుకుని, సూది గుర్తులోకి వచ్చేదాకా తామే గిర్రున తిరుగుతారు. మన పద్ధతిలో సూదికి నచ్చకపోతే గోడ జరుగుతుంది. ఇక్కడ మనిషి జరగాలట!

పైగా ఇనుము దగ్గరుంటే సూది అబద్ధమాడుతుందని, సెల్‌ఫోను కూడా ఎడంగా పెట్టాలని ప్రచారం చేస్తున్నారు. ఇలాంటి మాటలు ఊళ్ళోకి పొక్కితే ఏం కావాలి? చువ్వలు పరిచిన స్లాబు కింద, ఇనప్పెట్టె పక్కన నిలబడి సూది చూసి ఎన్ని తలుపులు మూయించాం, ఎన్ని మెట్లు కూలగొట్టించాం! అవన్నీ తిరగదోడాలా?

ఒక డిగ్రీ తప్పు దిక్కులో కిలోమీటరు నడిస్తే సుమారు 17 మీటర్లు పక్కకు పోతారని కూడా లెక్క చెబుతున్నారు. అడవిలో అది ఫరవాలేదేమో. మా కాలనీలో అయితే పక్కింటి వారి పూజగది తగులుతుంది.

అసలు లోపం పునాదిలోనే ఉంది. 1802లో మద్రాసులో ఆధార రేఖ కొలిచి, నేలను సర్వే చేయడానికి దేశమంతటా త్రిభుజాలు అల్లడం మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ ఒక్క కొండకైనా వాస్తు చూశాడా? నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా లేని కొండలన్నిటికీ పటంలో ఎర్ర సిరా గుర్తు పెట్టి, సరిచేయించే ఖర్చు సర్వే శాఖే భరించాలి.

దారి తప్పినవాళ్ళ సంగతంటారా? అనంతగిరి నుంచి తిన్నగా ఈశాన్యం పట్టుకుని నడవాలి. గోదావరి అడ్డం వస్తే మరీ మంచిది. ఈశాన్యాన నీళ్ళుండటం ఎంతో శ్రేష్ఠం.