మహారాజశ్రీ మింట్ బిళ్ళ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మింట్ బిళ్ళ గారికి,

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లోనూ, ఐటీ పార్కుల్లోనూ, పొద్దున్నే కిక్కిరిసిపోయే పర్పుల్ లైన్ మెట్రోలోనూ మీ దయమీద బతుకుతున్న తెలుగువాళ్ళ తరఫున రాయునది ఏమనగా, మేమంతా ఇక్కడ క్షేమం, మా నోళ్ళ సంగతే కాస్త అటూఇటూగా ఉంది. మీ క్షేమం అడగక్కర్లేదు. యూపీఐ వచ్చాక చిల్లరకి బదులు మిమ్మల్ని చేతిలో పెట్టడం తగ్గిందేమో గానీ కౌంటర్ మీద సీసాలో మీ సీటు మాత్రం పదిలం.

ముందుగా మీ గొప్పతనం ఒప్పుకోవాలి. మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో ముద్దపప్పు, ఆవకాయ, వెల్లుల్లి కారం, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు లాగించి, ఆ ఊపులోనే వెళ్ళి మీటింగ్ రూములో కూర్చుంటాం. తలుపు మూసేస్తారు, ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి అందరికీ పంచుతుంది. అప్పుడు పక్కనున్న కన్నడ కొలీగ్ ఒక్క మాటైనా అనకుండా చిరునవ్వుతో మీ డబ్బా ముందుకు జరిపి ‘తగొళ్ళి సార్’ అంటాడు. అది స్నేహమా, ఫిర్యాదా? రాత్రి పడుకున్నాక కూడా తేలదు. ‘నోరు కంపు కొడుతోందిరా, పోయి పుక్కిలించిరా’ అని నలుగురి ముందే అనేసే అమ్మమ్మలు ఊళ్ళో ఉండిపోయారు కాబట్టి, ఇక్కడ మొహమాటాలన్నిటికీ రాయబారం మీదే అయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఊరు సంగతి దేవుడెరుగు, కనీసం మీటింగ్ రూమన్నా బాగుపడాలి కదా.

బాగుపడదు. ఎందుకంటే మీరు చప్పరించినంతసేపే పనిచేస్తారు. వాసన ఎక్కడ పుడుతోందో మీకు పట్టదు. చాలామందిలో అది కడుపులోంచి కాదు, నోట్లోంచే వస్తుంది, ముఖ్యంగా నాలుక వెనక భాగంలో పేరుకున్న పాచిలోంచి. అక్కడ గాలి తగలని చోట దాక్కున్న బ్యాక్టీరియా, తిండి తునకల్లోని ప్రొటీన్లను కుళ్ళబెట్టి గంధకపు వాయువులు వదులుతాయి, అందులో ఒకటైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది అచ్చం కుళ్ళిన గుడ్డు వాసన. దానిమీద మీరు చల్లే చల్లదనం మురుగుకి పేరుపడ్డ బెళ్ళందూరు చెరువు నురగ మీద పన్నీరు చిలకరించడమే. పైగా మీలో పంచదార రకం వాళ్ళయితే మరీ అన్యాయం, దొంగల్ని పట్టడానికొచ్చి వాళ్ళకే టిఫిన్ పెట్టి వెళ్తున్నారు. పంచదార లేని చూయింగ్ గమ్ కాస్త నయం, నమిలితే లాలాజలమైనా ఊరుతుంది.

మా తాతయ్య వేపపుల్లతో పళ్ళు తోముకున్నాక ఆ పుల్లని నిలువునా చీల్చి, ఒక బద్దని రెండు చేతులతో వంచి నాలుక గీసుకునేవాడు. ఆయన ఖాండ్రింపుకి అరుగు మీద కుక్క లేచి పక్కింటికి పోయేది. మోటుగా కనపడేది గానీ అసలు వైద్యం అదే. ఇప్పుడు ఆ బద్ద స్టీలుగా, రాగిగా మారి మెడికల్ షాపులో టంగ్ క్లీనర్ పేరుతో చవగ్గా దొరుకుతోంది. వాంతి రానంతవరకు నాలుక మీద వెనక్కి పెట్టి, మెల్లగా ముందుకి లాగి, బద్ద కడిగి మళ్ళీ లాగాలి. దానిమీద జిగురుగా, పసుపు కలిసిన తెలుపులో వచ్చేదాన్ని ఒకసారి కళ్ళారా చూస్తే, ఇన్నాళ్ళూ దాన్ని మోసుకుంటూ మనుషులతో మాట్లాడామా అనిపిస్తుంది. రక్తం వచ్చేలా గీరక్కర్లేదు, అది నాలుక, దోసె పెనం కాదు.

తర్వాతిది నీళ్ళు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, అందుకే పొద్దున లేస్తే పాచి నోరు. పగలంతా ఏసీలో కూర్చుని బై టూ కాఫీల మీద నెట్టుకొస్తూ బాటిల్ ముట్టకపోతే మధ్యాహ్నానికే మళ్ళీ పాచి నోరు. తిన్నాక పుక్కిలించడం, గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి అప్పుడప్పుడు పుక్కిట పట్టడం, రాత్రి కూడా తోముకోవడం, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న మటన్ పీచుని పిన్నీసుతో కాకుండా ఫ్లాస్ దారంతో తీయడం. ఇవన్నీ కలిపినా మీ డబ్బాల నెల ఖర్చు కాదు. నిమ్మచెక్కతో పళ్ళు రుద్దమని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నమ్మొద్దు, ఆ పులుపుకి ఎనామిల్ అరిగిపోతుంది.

వెల్లుల్లి విషయంలో మిమ్మల్ని తప్పుపట్టను, అక్కడ బ్రష్ కూడా ఓడిపోతుంది. దాని గంధకం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి బయటికొస్తుంది కాబట్టి గంటల తరబడి పోదు. పచ్చి ఆపిల్ ముక్కో, పాలో, పుదీనా ఆకులో దానితోపాటు తీసుకుంటే కొంత తగ్గుతుంది. అవునండీ, నిజం పుదీనా. మీరు పేరు అరువు తెచ్చుకున్నది ఆవిడ దగ్గరే.

మీ పెద్దన్నయ్య మౌత్‌వాష్ గారి చరిత్ర కూడా విన్నాం. 1879లో పుట్టిన లిస్టరిన్ మొదట శస్త్రచికిత్సల యాంటీసెప్టిక్, జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ పేరు పెట్టుకున్నారు. 1920ల్లో అమెరికా పత్రికల్లో, నోరు వాసనొస్తే పెళ్ళి కాదని ఆడపిల్లల్ని బెదిరించే ప్రకటనలతో అది నోటి మందుగా స్థిరపడింది. భయపెట్టి అమ్మడం మీ ఇంటి విద్యే అన్నమాట. పైగా ఆల్కహాల్ ఉన్న రకాలు నోటిని ఇంకా ఎండగడతాయి.

కాబట్టి తమరు రాయబారం మాని సోంపు పక్కన మామూలు మిఠాయిగా కూర్చోండి. ఇన్ని చేసినా వాసన పోకపోయినా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా అది మీ వల్లా కాదు, ఉప్పునీళ్ళ వల్లా కాదు, పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

ఇట్లు,
ఇంకా మీ డబ్బా జేబులోనే ఉన్న
ఒక మారతహళ్ళి వాసి

తా.క.: ఎవరి వాసన వాళ్ళకి తెలియదు కాబట్టి మణికట్టు నాకి, తడి ఆరాక వాసన చూసుకోమంటారు. మెట్రోలో మాత్రం వద్దని మీ అభిమానులకి చెప్పండి. హూడి దగ్గర ఒకాయన నన్ను చూసి పిల్లాణ్ణి అవతలి సీటులోకి మార్చాడు.