టేబుల్‌కి దొంగ ముసలితనం

జుట్టుకి రంగేసుకుని, అది ఆరాక తీరిగ్గా కూర్చుని అక్కడక్కడా తెల్లవెంట్రుకలు అతికించుకునే మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. ఫర్నిచర్ దగ్గర మాత్రం సరిగ్గా అదే పని చేస్తున్నాం, పైగా దానికి కళ అని పేరు.

నా రాతబల్లనే తీసుకోండి. నలభై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న గీతలే దాని ఆస్తి, కంపాస్ ముల్లుతో చెక్కిన పేరొకటి, వేడి గిన్నె పెట్టిన గుండ్రటి మచ్చొకటి. ఇవేం బాలేవని 120 నంబరు సాండ్ పేపర్‌తో మొత్తం గీకేసి, 220తో నున్నగా రుద్ది, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం పైకి ఊరి తెల్లరంగు మీద పసుపు మరకలు తేలకుండా షెల్లాక్ పూసి (లక్కే లెండి, ఇంగ్లీషులో అంటే కాస్త గౌరవం), రెండు కోటింగులు రంగేశా. బల్ల కొత్తదైపోయింది. ఇక అసలు పని మొదలు. మళ్ళీ అదే సాండ్ పేపర్ పట్టుకుని మూలలన్నీ అరగదీసి పాతదానిలా చెయ్యాలి! రంగేసే ముందే అంచులకి కొవ్వొత్తి రుద్ది ఉంచితే అక్కడ రంగు పట్టదు, చక్కగా పెచ్చులూడుతుంది. దీన్నే డిస్ట్రెస్డ్ లుక్ అంటారు. సొంత గీతలుంటే దరిద్రమట, దొంగ గీతలుంటే డిజైనట.

ఒకప్పుడు చవక కలప మీద ఖరీదైన చెక్క చారలు కనిపించేలా రంగులేసేవాళ్ళు. 18వ శతాబ్దంలో వెనిస్ వాళ్ళు, తూర్పుదేశాల లక్కపని కొనే స్తోమత లేక, బొమ్మలు కత్తిరించి అతికించి పైన వార్నిష్ కొట్టి సరిపెట్టుకున్నారు, దానికి పేదోడి లక్క అని పేరు కూడా పడింది, కనీసం నిజాయితీ ఉంది. మనమో, బంగారంలాంటి టేకుని రంగు కింద పాతేసి చవక చెక్కలా కనిపించాలని తంటాలు పడుతున్నాం. 1990లో బ్రిటన్ రంగుల నిపుణురాలు అనీ స్లోన్ చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు) తెచ్చాక గీకుడు, ప్రైమర్ బాధ కూడా చాలావరకు తప్పి బద్ధకస్తులక్కూడా కళ అబ్బింది, అప్పట్నుంచి ఒక్క కుర్చీకీ రక్షణ లేదు.

నా ప్రతిపాదన ఏంటంటే, ఈ పనికి నాలుగేళ్ళ పిల్లల్ని ఇద్దర్ని, ఒక పిల్లిని పెట్టుకోవాలి. వారం తిరక్కుండా ఏ ఆర్టిస్టూ తేలేని లుక్కొస్తుంది.

నా బల్ల ఎలా వచ్చిందంటారా, బ్రహ్మాండం. సొరుగు మీద స్టెన్సిల్‌తో రెండు పిట్టల్ని కూడా వేశా. గంటలో ఆరింది కదాని మూసేశా, పైకి ఆరినా పూర్తిగా గట్టిపడ్డానికి వారాలు పడుతుందని తర్వాత తెలిసింది, ఈలోపు అది ఫ్రేముకి అతుక్కుపోయింది. ఇప్పుడు అంచులు కాస్త గీకితే గానీ రాదు. గీకడానికి 220 పేపర్ కావాలి. అది సొరుగులో ఉంది.